మహిళా రాజ్యంలో గుంటడి వాక్కు

పిన్నికి సుభద్ర డబ్బులు, అదే మా ఒడిశా గవర్నమెంటు ఆడవాళ్ళకిచ్చే పథకం డబ్బులు, పడలేదు. ఎందుకంటే అమ్మవారికి కోపం వచ్చిందంట! ఇప్పుడే చెప్పి వెళ్ళింది, అదీ పుంజు కొనడానికి నా దగ్గరే అయిదొందలు బదులు అడిగి మరీ. ఒళ్ళు మండిపోతోంది నాకు.

అమ్మవారూ లేదు కోపమూ లేదు పిన్నీ, నీ బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు లేదు, ఈ-కేవైసీ చేయించుకో అని రాఖీ పున్నమికి ముందు నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. నా మాట గాలికి, ఆ పదిహేడేళ్ళ గుంటడి మాట మాత్రం వేదం. ఎవడనుకున్నారు వాడు, మొన్నటిదాకా గుణుపూర్‌లో మొబైల్ షాపులో రీఛార్జిలు చేసినోడే. ఇప్పుడు పసుపు చీర చుట్టుకుని వేపమండలు పట్టుకుని ఊగుతున్నాడు. నేనూ వెళ్ళి చూశాను లెండి. మాంచి పూనకంలో ఉండగా ఫోను మోగింది, బొడ్లోంచి తీసి, ఎవరో చూసి, కట్ చేసి మళ్ళీ ఊగాడు! అమ్మవారికి మిస్డ్ కాల్స్ కూడా తెలుస్తాయి కాబోలు.

ఇంకా గొప్ప వాక్కు ఏటంటే "మార్చి ఎనిమిదికి డబ్బులు పడతాయి". ఓర్నాయనో! ఏడాదికి 10 వేలు, రాఖీ పున్నమికి సగం, మార్చి 8కి సగం అని 2024లో పథకం పెట్టినప్పుడే గవర్నమెంటు చెప్పింది కదా, దానికి కొబ్బరికాయా దక్షిణా దేనికి? పుట్టసింగి వైపు సవరోళ్ళలో కురన్‌బోయిలని ఉంటారు, ఆడవాళ్ళే, చచ్చిపోయినోళ్ళు వాళ్ళ నోటితో మాట్లాడతారంటారు. అలాంటి ముసలమ్మే సంతకి అల్లం తెచ్చుకుంటే మనవాళ్ళు కేజీకి రెండ్రూపాయలు తగ్గించమని గంటసేపు పీక్కుతింటారు, ఈ గుంటడి దగ్గర మాత్రం బేరమే లేదు.

పైగా మనది మహిళా రాజ్యమంట. సర్పంచ్ ఆడమనిషి, సమితి మెంబరు ఆడమనిషి, వార్డు మెంబరు, పొదుపు సంఘం ప్రెసిడెంటు, అంగన్‌వాడీ, ఆశా అందరూ ఆడవాళ్ళే, ఆఖరికి రాష్ట్రపతి కూడా మన ఒడిశా ఆవిడే. ఇంతమంది ఉండి మంగళవారం సంఘం మీటింగు ఆపీసారు, గుంటడు దినం బాలేదన్నాడని! బ్యాంకు వాయిదాకి దినం చూస్తారా? ఆలస్యమైతే వడ్డీ ఎవడు కడతాడు, వాడా? లెక్కల బుక్కు రాసేదాన్ని, నన్నొక్క మాట అడగలేదు.

అసలు వాణ్ణి నెత్తికెక్కించిందే సర్పంచ్. అంటే ఆవిడ కాదు, వాళ్ళాయన. 2012 ఎలక్షన్ల నుంచి పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే, కుర్చీలో కూర్చునేది మాత్రం ఆయన. గ్రామసభలో కాలవ సంగతేటని లేచి అడిగితే నాకేమన్నాడో తెలుసా, "నువ్వు కూర్చోమ్మా, మీ ఆయన్ని పంపు" అన్నాడు. నలుగురిలో! సర్పంచ్ గారు ఆ పక్కనే టీలు అందిస్తోంది, తలెత్తలేదు. చచ్చినా మర్చిపోను ఆ మాట.

2027లో మళ్ళీ ఎలక్షన్లు రావాలి. ఈసారి నువ్వు నిలబడవే అని మా ఆయన అప్పుడే మొదలెట్టాడు. నిన్న సాయంత్రం కొత్త తెల్లచొక్కాలు రెండు కుట్టించుకొచ్చాడు.