గుట్ట మీద ఆవిరి, గుడిసెలో పొగ

నైరోబీకి వాయవ్యంగా తొంభై కిలోమీటర్ల దూరంలో నైవాషా సరస్సు ఉంది. దాని పక్కనే ఓల్కారియా గుట్టలు. అక్కడి నేషనల్ పార్కు పేరు హెల్స్ గేట్, అంటే నరకద్వారం. పేరుకు తగ్గట్టే నేల పగుళ్లలోంచి ఆవిరి బుసలు కొడుతూ లేస్తుంటుంది. రెండు మూడు కిలోమీటర్ల లోతుకు బోర్లు వేసి, ఆ ఆవిరిని గొట్టాల్లో పట్టి టర్బైన్లు తిప్పుతున్నారు. జిరాఫీలు, జీబ్రాలు తిరిగే దారుల్లో గొట్టాలను ఎత్తుగా కట్టారు, అవి కింద నుంచి దాటిపోవడానికి. 1981లో 15 మెగావాట్ల చిన్న యూనిట్‌తో మొదలైన భూతాప విద్యుత్తు ఇవాళ కెన్యా ఉత్పత్తి చేసే కరెంటులో 40 శాతానికి పైగా ఉంది. జలవిద్యుత్తు, గాలిమరలు, సోలార్ కలుపుకుంటే పదింట తొమ్మిది వంతులు కాలుష్యం లేని కరెంటే. ధనిక దేశాల్లో ఈ మాట చెప్పుకోగలిగేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అదే కెన్యాలో మూడింట రెండు వంతులకు మించిన కుటుంబాలు ఇంకా కట్టెల మీద, కట్టెబొగ్గుల మీద వండుకుంటున్నాయి. కరెంటు తయారీలో ప్రపంచానికి పాఠం చెప్పగల దేశం, ఆ కరెంటును వంటింటి దాకా తేలేకపోయింది. ఆఫ్రికాలో విద్యుదీకరణ గురించి జరిగే సదస్సులన్నీ మెగావాట్ల చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి, మెగావాట్లకు అంతగా కొదవలేని కెన్యాను దగ్గరగా చూడాల్సిన అవసరం ఉంది.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. ఒకప్పుడు కెన్యా కరెంటంటే తానా నది మీది ఆనకట్టలే. వాన మొహం చాటేస్తే బల్బు ఆరిపోయేది. 2000లో కరువు వచ్చి దేశమంతా కరెంటు కోతలతో అల్లాడిన తర్వాత, వానతో పనిలేని భూతాపం మీద ప్రభుత్వం గట్టిగా దృష్టి పెట్టింది. ఇందులో చిక్కేమిటంటే, ఒక్కో బోరుకు లక్షల డాలర్లు ఖర్చవుతాయి. నీళ్ల కోసం బోరు వేసి అప్పులపాలైన రాయలసీమ రైతుకు ఈ జూదం సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. లోపల ఆవిరి పడకపోతే పెట్టిందంతా మట్టిపాలే. ప్రైవేటు పెట్టుబడిదారు అందుకే వెనకాడతాడు. కెన్యా ఏం చేసిందంటే, బోర్లు వేసే రిస్కును తలకెత్తుకోవడానికే జియోథర్మల్ డెవలప్‌మెంట్ కంపెనీ అనే ప్రభుత్వ సంస్థను పెట్టింది. ఆవిరి పడ్డాక దాన్ని ప్రైవేటు ప్లాంట్లకు అమ్ముతుంది. మెనెంగాయ్ అగ్నిపర్వతం దగ్గర జరుగుతున్నది ఇదే. మన మణుగూరు దగ్గర పగిడేరులో వేడినీటితో సింగరేణి చేసిన ప్రయోగం 20 కిలోవాట్లది. ఓల్కారియా ఎంత ముందుకు వెళ్లిందో ఆ అంకె పక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

తీగ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఉత్తరాన తుర్కానా సరస్సు తీరంలో 365 గాలిమరలతో 310 మెగావాట్ల భారీ ప్రాజెక్టు కట్టారు. 2017కల్లా గాలిమరలన్నీ నిలబడ్డాయి. కానీ అక్కడి నుంచి సుస్వా సబ్‌స్టేషన్‌కు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా వేయాల్సిన లైను పూర్తి కాలేదు. పనులు చేస్తున్న స్పెయిన్ కాంట్రాక్టరు దివాలా తీశాడు. పెళ్లికొడుకు ముస్తాబై కూర్చున్నాడు, పెళ్లికి బండి రాలేదు. 2018 సెప్టెంబరులో లైను పూర్తయ్యేదాకా, తీసుకోని కరెంటుకు వందల కోట్ల షిల్లింగుల పరిహారం ప్రభుత్వం నెత్తిన పడింది. ఆ భారం చివరికి ఎవరి బిల్లులో తేలుతుందో వేరే చెప్పాలా? ఇంకో సంగతి. ఆ ప్రాజెక్టుకు లక్షన్నర ఎకరాల భూమి ఇచ్చిన తీరే చట్టవిరుద్ధమని 2021లో కోర్టు తేల్చింది. పశువులు మేపుకునే జనాన్ని సరిగా అడగకుండానే పట్టాలు రాసిచ్చారు. వాళ్ల నెత్తి మీదుగా 400 కేవీ తీగలు నైరోబీ వైపు పోతుంటే, కింద చాలా ఊళ్లలో చీకటే. ఓల్కారియాలో కొత్త ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేసిన మాసాయి తెగవాళ్లు కూడా ప్రపంచ బ్యాంకు తనిఖీ విభాగం దాకా వెళ్లి మొరపెట్టుకోవాల్సి వచ్చింది. కాలుష్యం లేని కరెంటు అన్నంత మాత్రాన అన్యాయం లేని కరెంటు అయిపోదు.

సరే, తీగ ఊరి దాకా వచ్చిందనుకుందాం. అప్పుడైనా ఇంట్లోకి వస్తుందా? పశ్చిమ కెన్యాలోని బుసియా, సియాయా జిల్లాల్లో 150 పల్లెల్ని తీసుకుని కాలిఫోర్నియా వర్సిటీ పరిశోధకులు చూశారు. ట్రాన్స్‌ఫార్మర్ కళ్లెదుటే ఉంది, ఇళ్లలో మాత్రం కిరోసిన్ బుడ్డి. కనెక్షన్ లేని ఇళ్లలో సగం కరెంటు లైనుకు 200 మీటర్లలోపే ఉన్నాయి! కనెక్షన్ రేటు అప్పట్లో 35,000 షిల్లింగులు. ఆ రేటుకు ముందుకొచ్చిన వాళ్లు దాదాపు ఎవరూ లేరు. ఉచితంగా ఇస్తామంటే మాత్రం దాదాపు అందరూ తీసుకున్నారు. 2015లో ప్రభుత్వం ఆ రేటును 15,000కు తగ్గించి ‘లాస్ట్ మైల్’ పథకం తెచ్చింది. ఫలితం కళ్ల ముందే ఉంది. 2010లో జనాభాలో ఐదో వంతుకు కూడా కరెంటు లేదు, ఇప్పుడు నాలుగింట మూడు వంతులకు ఉంది. కొద్ది కాలంలోనే ఇంత పని చేసిన దేశాన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు.

కానీ ఆ కనెక్షన్‌తో ఏం చేస్తున్నారన్నది ఎవరూ అంతగా అడగరు. కెన్యాలో కరెంటును ‘స్టీమా’ అంటారు. మీటరు ప్రీపెయిడ్. ఫోన్‌లో డబ్బు పంపే ఎంపెసా సేవ తెరిచి యాభయ్యో వందో షిల్లింగులు కడితే ఇరవై అంకెల టోకెన్ మెసేజ్ వస్తుంది. ఆ అంకెలు ఒక్కొక్కటే మీటరులో నొక్కాలి, ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికి. కట్టిన వందలో పన్నులు, రకరకాల సర్‌చార్జీలు పోగా మిగిలినదానికే యూనిట్లు. రెండు బల్బులు, ఫోన్ చార్జింగ్, దొరికితే ఒక టీవీ. పల్లెల్లో చాలా ఇళ్ల వాడకం అక్కడితో సరి. నెలకు 30 యూనిట్ల లోపు వాడితేనే పేదల రేటు. 2023 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 100 యూనిట్లు ఉండేది, దాన్ని ఒక్క దెబ్బతో 30కి దించారు. ఇక ఎలక్ట్రిక్ పొయ్యి కొన్న ఇల్లాలి సంగతి చూడండి. నాలుగు రోజులు వంట చేస్తే ఆ గీత దాటే రోజు దగ్గరపడుతుంది, యూనిట్ రేటు పెరుగుతుంది. ఒకపక్క ‘కరెంటుతో వండండి’ అంటూ విద్యుత్తు సంస్థే ‘పికా నా పవర్’ ప్రచారం చేస్తుంది, ఇంకోపక్క వండినందుకు ఎక్కువ రేటు వసూలు చేస్తుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. కెన్యా ఖజానాకు అంత స్తోమత లేదు. కొన్న కరెంటులో ఐదో వంతుకు పైగా తీగల్లోనూ దొంగతనాల్లోనూ పోగొట్టుకునే సంస్థను అంత ఉదారంగా ఉండమని మేమూ అనం. మధ్యే మార్గం ఒకటి ఉంది, దాని గురించి చివర్లో చెబుతాం.

వంట విషయంలో కెన్యా జనం తెలివితేటలు తక్కువేం కాదు. 1980ల్లో అక్కడ పుట్టిన మట్టి లోపలి పొర ఉన్న ‘జికో’ కుంపటి అచ్చం ఢమరుకంలా ఉంటుంది, నడుము సన్నంగా, పైన కింద వెడల్పుగా. వేడిని పట్టి ఉంచి బొగ్గు ఆదా చేస్తుంది. పట్నాల్లో ఇంటింటా పాకింది. అయినా బొగ్గు బొగ్గే. వీధి చివర డబ్బాతో కొలిచి అమ్మే బొగ్గు ఏ రోజుకారోజు కొనుక్కోవచ్చు, అదే దాని బలం. గ్యాస్ సిలిండర్‌కు ఒకేసారి డబ్బు కావాలి. పైగా ప్రభుత్వం గ్యాస్ మీద 2021లో 16 శాతం వ్యాట్ వేసింది, మరుసటి ఏడు సగానికి తగ్గించింది, ఆపై ఏడు ఎత్తేసింది. మూడేళ్లలో మూడు మాటలు. 1999లో ‘దీపం’ కింద కనెక్షన్ తీసుకున్న మన ఆడవాళ్లను అడిగితే చెబుతారు, సిలిండర్ రావడం ఒక ఎత్తు, అది ఖాళీ అయ్యాక మళ్లీ నింపించుకోవడం ఇంకో ఎత్తు. సోలార్ సామాన్ల మీదా ఇదే తంతు. 2020లో పన్ను మినహాయింపు తీసేశారు, 2021లో మళ్లీ ఇచ్చారు. రోజుకు కొన్ని షిల్లింగులు కట్టి చిన్న ప్యానెల్, నాలుగు లైట్లు సొంతం చేసుకునే ఎంకోపా లాంటి ఏర్పాట్లు గ్రిడ్ చేరని ఇళ్లకు ఆసరా అయ్యాయి. కట్టడం ఆపితే పెట్టె దూరం నుంచే లాక్ అయిపోతుంది, అది వేరే సంగతి. అలాంటి వ్యాపారం కూడా ఏటా మారే పన్నును నమ్ముకుని ఎలా నడుస్తుంది?

తీగలకు డబ్బెక్కడిది అన్న ప్రశ్న మిగిలే ఉంది. దీనికీ తెలుగు నేలకూ ఒక లంకె ఉంది. 2024 అక్టోబరులో హై వోల్టేజి లైన్ల కోసం అదానీ సంస్థతో 73.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. ప్రజలను అడగకుండా చేశారంటూ కేసు పడింది, కోర్టు ఆపింది. నవంబరులో అమెరికాలో ఆ గ్రూపు పెద్దల మీద లంచాల అభియోగాలు నమోదయ్యాయి. అందులో ఆంధ్రప్రదేశ్ సోలార్ కరెంటు కొనుగోలు ప్రస్తావన కూడా ఉంది. అభియోగాలను అదానీ గ్రూపు ఖండించింది. అధ్యక్షుడు రూటో మాత్రం ఆ మర్నాడే ఒప్పందం రద్దు చేశారు. రద్దు సబబే కావచ్చు, లైన్లు మాత్రం రాలేదు. సాయంత్రం వేళ కొన్ని ప్రాంతాల్లో కోతలు తప్పడం లేదని అదే ఏడాది రూటోయే ఒప్పుకున్నారు. ఇథియోపియా నుంచి వెయ్యి కిలోమీటర్ల లైను మీద కరెంటు కొంటున్నారు. మరోపక్క అర్ధరాత్రి దాటాక గిరాకీ లేక ఓల్కారియాలో ఆవిరిని ఊరికే గాలికి వదిలేస్తున్నారు. సాయంత్రం ఆరింటికి కరువు, రాత్రి రెండింటికి వరద.

ఇప్పుడు ఆ మధ్యే మార్గం. కరెంటు బైకుల చార్జింగ్‌కు 2023లోనే ప్రత్యేక రేటు పెట్టారు. అదే చేయి వంటింటికీ చాపాలి. గితేరి అని మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి ఉడికించే వంటకం ఉంది, కెన్యాలో ఇంటింటి తిండి. కుంపటి మీద గంటలు పడుతుంది, కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో తొందరగా అవుతుంది. కుక్కర్‌ను ఎంకోపా తరహా రోజువారీ వాయిదాల మీద ఇప్పించి, రాత్రి పది దాటాక వాడిన యూనిట్లను 30 యూనిట్ల లెక్కలో కలపకుండా చవక రేటుకు ఇస్తే, వదిలేసే ఆవిరికి గిరాకీ పుడుతుంది, సంస్థకు నాలుగు రాళ్లు వస్తాయి. దానికి టైము గుర్తుపట్టే మీటర్లు కావాలి. 2030 నాటికి అందరికీ కరెంటు అంటూ అప్పులిచ్చే బ్యాంకులు కొత్త స్తంభాలకు ఇచ్చినట్టే మీటర్లకూ, కుక్కర్లకూ ఇవ్వాలి. ఇచ్చిన కనెక్షన్ల సంఖ్య పక్కనే ఇంటికి సగటున ఎన్ని యూనిట్లు వాడుతున్నారో కూడా జిల్లాలవారీగా ప్రకటించమని షరతు పెట్టాలి. బొగ్గు ప్లాంటు వైపు చూపు అక్కర్లేదు. లామూలో కట్టబోయిన దాని లైసెన్సును 2019లో ట్రిబ్యునల్ కొట్టేసి మంచి పని చేసింది. చార్జీలను మూడేళ్లకోసారి సవరిస్తారు. నియంత్రణ మండలి మళ్లీ కూర్చున్నప్పుడు ముందు ఆ 30 యూనిట్ల గీతను బల్ల మీద పెట్టాలి.