కోట గుమ్మం దగ్గర వెనక్కి తిరగకండి

విజయనగరం గురించి ఒక సందేశం కొన్నాళ్లుగా ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. మా బంధువుల్లోనే నలుగురు నాకు పంపారు. సారాంశం ఇది: ఈ ఊరు హంపీ రాజుల వారసులు కట్టుకున్నది, చూడదగ్గది కోట ఒక్కటే, గంటలో అయిపోతుంది, కోట ముందు వీధులు, మూడు లాంతర్లు, గంటస్తంభం బజారు అన్నీ ఇరుకు సందులే తప్ప చరిత్ర లేనివి, సంగీతం, సాహిత్యం ఏనాటివో ముచ్చట్లు, కొనదగ్గ వస్తువేదీ అక్కడ దొరకదు, విశాఖ వెళ్లడం మేలు. ఆ వీధుల్లో పుట్టి పెరిగినదాన్ని. చదివి ఊరుకోలేకపోయాను.

పేరు సంగతి త్వరగా తేలిపోతుంది. హంపీ రాజుల విజయనగరం 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత పాడుబడింది. మన కోటకు శంకుస్థాపన జరిగింది 1713లో. మధ్యలో 148 ఏళ్లు. కట్టించినవారు పూసపాటి వంశీయులు, ఊరికి పేరు విజయరామరాజు పేరుమీద వచ్చింది. ఆ ఏడు తెలుగు సంవత్సరం కూడా విజయ నామమే. తిథి విజయదశమి, వారం జయవారమైన మంగళవారం అని పెద్దలు చెబుతారు. పేర్లు కలిసినంత మాత్రాన వంశాలు కలవవు.

ఇక కోట ముందు వీధులకు చరిత్ర లేదన్న మాట. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. కోట ఎదుట ఉన్న చోటును బొంకుల దిబ్బ అంటారు. కన్యాశుల్కం చదివిన ప్రతివాళ్లూ ఆ పేరు విన్నవాళ్లే. ఇప్పుడు మనమంతా చదువుకునే 1909 నాటి కూర్పులో తెర లేచేది అక్కడే. గిరీశం సాయంకాలం పూట వచ్చి నిలబడి మొదట తలచుకునేది సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర తీసుకున్న ఇరవై రూపాయల సంగతి. తెలుగు నాటకానికి తలమానికమైన రచన ఈ ఊరి బజారు లెక్కతో మొదలవుతుంది. గురజాడ ఈ ఊళ్లోనే మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పారు, 1915లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన నివసించిన ఇల్లు ఇప్పటికీ ఉంది. కోట గుమ్మం దగ్గర ఫొటో తీసుకుని బండెక్కేవారు బొంకుల దిబ్బ మీద నిలబడి ఉన్నామని కూడా తెలుసుకోకుండా వెళ్లిపోతున్నారు.

ఆ వీధుల ప్రాణం చూడాలంటే దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను ఉత్సవానికి రావాలి. ముందురోజు సోమవారం తొలేళ్లు. మర్నాడు మూడు లాంతర్ల దగ్గరున్న పైడితల్లి అమ్మవారి చదురుగుడి నుంచి సిరిమాను కదులుతుంది. పొడవాటి చింతమాను, దాని చివర పీట మీద అమ్మవారి ప్రతిరూపంగా పూజారి. దాని ముందు ఊరేగింపుగా పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల. గుడి నుంచి కోట దాకా, మళ్లీ వెనక్కి, ఇలా మూడుసార్లు. పూసపాటి వంశస్థులు కోట బురుజు మీద కూర్చుని మొక్కుకుంటారు. అంటే ఆ రోజు కోట ప్రేక్షకురాలు, వీధే వేదిక. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనం అరుగుల మీద, మేడల మీద కిటకిటలాడుతుంటే మా అమ్మ నన్ను చంకనెత్తుకుని సిరిమాను మీదికి అరటిపండు విసరడం నేర్పింది.

మూడు లాంతర్లు కేవలం ఒక కూడలి పేరు కాదు. ఒకే స్తంభానికి మూడు దీపాలు ఉండేవి కనుక ఆ పేరు. 2020లో కూడలి బాగుచేసే పనుల్లో ఆ స్తంభాన్ని తొలగించినప్పుడు ఊరంతా గగ్గోలు పుట్టింది. చరిత్ర లేని స్తంభం కోసం జనం అంతగా కలత పడరు.

సంగీతం ముచ్చట కాదు, నేటికీ నడుస్తున్న చదువు. 1919లో పెట్టిన విజయరామ గాన పాఠశాలకు మొదటి ప్రధానాచార్యులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆ బాధ్యత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడికి వచ్చింది. ఘంటసాల కుర్రవాడిగా వచ్చి, ఈ ఊరి వీధుల్లో జోలె పట్టి మధుకరం చేసుకుని చదువుకున్నారు. పి. సుశీల ఈ ఊళ్లో పుట్టి ఇక్కడే సంగీతం నేర్చుకున్నారు. ఆ పాఠశాలే నేటి ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, పిల్లలు ఇప్పటికీ అక్కడ చేరుతున్నారు. ఆనాటి కుర్ర ఘంటసాలకు అన్నం పెట్టిన గడపలు ఈ సందుల్లోవి. అందుకే వాటిని ఇరుకు అని తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది.

సందేశంలో నిజం లేకపోలేదు. బజారు ఇరుకే. కారు నిలపడానికి చోటుండదు, ఏది ఏమిటో చెప్పే పలకలు చాలాచోట్ల లేవు, పెంకుటిళ్లు చాలావరకు పోయాయి. అయితే ఆ కొరతలు తీర్చమని అడగాలి గానీ, వెళ్లవద్దని చెప్పకూడదు.

కొనడానికి ఏమీ లేదన్నది మాత్రం పూర్తిగా తప్పు. ఎనిమిది ముఖాల గంటస్తంభాన్ని గుర్తుగా పెట్టుకుని నడవండి. పెళ్లి కుదిరిన ఇళ్లవాళ్లు పల్లెల నుంచి వచ్చి పుస్తెలు చేయించుకునే బంగారు కొట్లు, పట్టుచీరలు పరచి చూపే బట్టల దుకాణాలు, టోకు కిరాణా కొట్లు ఉన్నాయి. పాత ఇత్తడి తూకం వేసి తీసుకుని కొత్త బిందె ఇచ్చేవాళ్లున్నారు. పచారి కొట్లో గడప దగ్గరే శొంఠి, వాము కలిసిన ఘాటు తగులుతుంది. బేరం మొదలయ్యేది ధరతో కాదు, ఎవరికి కావాలన్న ప్రశ్నతో.

పోయిన ఏడాది మా చెల్లెలు విశాఖలో ప్రసవించింది. బాలింతకు పెట్టే కాయం దినుసులు ఇక్కడినుంచే పంపమంది. కొట్లో పెద్దాయన, "ఎన్నో రోజమ్మా? తొలి కాన్పేనా?" అని అడిగి, మోడి, పిప్పళ్లు, శొంఠి, జాజికాయ విడివిడిగా తూచి పొట్లాలు కట్టారు. ఏది వేయించాలో, ఏది పచ్చిగా దంచాలో పొట్లం మీదే పెన్సిలుతో రాసి ఇచ్చారు. ఆ పొట్లాలు మర్నాడు ఉదయం విశాఖ బస్సెక్కాయి.