వద్దనలేకపోతే, సరేనని రాసివ్వండి

పక్కింటివాళ్లు మన స్థలం వాడుకోవడం ఆక్రమణలా మొదలవ్వదు. చుట్టాలొచ్చారని ఒక రాత్రి కారు మన ఖాళీ స్థలంలో పెడతారు. ఇల్లు కడుతున్నాం కదా అని నాలుగు రోజుల కోసం ఇసుక మనవైపు పోస్తారు. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలవుతాయి. అడిగితే ఏమనుకుంటారో అని మనం ఆగుతాం, ఏమీ అనలేదు కాబట్టి అభ్యంతరం లేదని వాళ్లు సాగుతారు. ఇందులో దుర్మార్గులెవరూ ఉండక్కర్లేదు, మొహమాటం ఒక్కటి చాలు.

ఇలాంటప్పుడు సలహాలు రెండే వస్తాయి. ‘పోనీలే, సర్దుకుపో’ అని కొందరు, ‘ఈరోజే తేల్చెయ్, లేకపోతే నెత్తికెక్కుతారు’ అని కొందరు. నేను చెప్పేది మూడోది, వినడానికి కాస్త తిక్కగా ఉంటుంది: ఆపలేని వాడకానికి, లేదా ఆపడం ఇష్టంలేని వాడకానికి, మీరే అనుమతి ఇచ్చేయండి. కాకపోతే రాతపూర్వకంగా.

ఈ మాట వెనక చాలా పాత లెక్క ఉంది. వేరొకరి నేల మీద ఏళ్ల తరబడి నడిచి దారి హక్కు సంపాదించాలంటే ఆ నడక బలవంతంగా సాగకూడదు, దొంగచాటుగా సాగకూడదు, అనుమతితోనూ సాగకూడదు. రోమన్ న్యాయం నుంచి వచ్చిన ఈ మూడు షరతులనూ ఇంగ్లండ్ కోర్టులు ఇప్పటికీ చూస్తాయి. మొదటి రెండూ ఎవరికైనా తడతాయి. మనకు పనికొచ్చేది మూడోది. అనుమతితో నడిచేవాడు ఎన్నేళ్లు నడిచినా అది యజమాని చూపిన మర్యాదే తప్ప నడిచేవాడి హక్కు కాదు. నోరు మెదపని యజమానికి ఈ రక్షణ లేదు.

వేరొకరి నేలను దారిలాంటి అవసరానికి వాడుకునే హక్కును ఈజ్‌మెంట్ అంటారు. భారత ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది. దాని ప్రకారం ఎవరి అడ్డూ లేకుండా, మా హక్కే అన్నట్టు 20 ఏళ్లు నడిచిన దారి శాశ్వత హక్కు కావచ్చు. నేలనే ఆక్రమించుకుని కూర్చుంటే, దాన్ని తిరిగి పొందేందుకు దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టం (దావాల గడువుల చట్టం) యజమానికి ఇచ్చే గడువు 12 ఏళ్లు. అవతలివారి స్వాధీనం యజమాని హక్కుకు ఎదురుతిరిగిన రోజు నుంచి ఆ లెక్క మొదలవుతుంది. అనుమతి మీద ఉన్నంతకాలం ఎదురుతిరగడమన్న ప్రశ్నే లేదు. కాలిఫోర్నియాలో దారి హక్కుకు ఐదేళ్లే చాలు. అక్కడి సివిల్ కోడ్ 1008వ సెక్షన్‌లో ఒక ఉపాయం పెట్టారు: యజమాని అనుమతితో, ఆయన అదుపుకు లోబడి వెళ్లవచ్చు అన్న బోర్డును ప్రతి ప్రవేశం దగ్గరా గానీ, సరిహద్దు వెంట 200 అడుగులకు మించని దూరాల్లో గానీ పెడితే, ఎంతకాలం నడిచినా హక్కు పుట్టదు. నేల కాపాడుకోవడానికి ‘వెళ్లండి’ అని బోర్డు పెట్టడం! నాకైతే ఇది చాలా నచ్చింది.

అయితే అనుమతి ఇచ్చి నిద్రపోకూడదు. ఈజ్‌మెంట్ల చట్టంలోనే 60వ సెక్షన్ ఉంది. మీ అనుమతిని నమ్మి అవతలివాళ్లు డబ్బు పెట్టి శాశ్వత నిర్మాణం చేస్తే, ఆ తర్వాత ఆ అనుమతిని వెనక్కి తీసుకోలేరు. కారు పెట్టుకోమన్నారు సరే, అక్కడ స్లాబు లేస్తుంటే మాత్రం చూస్తూ ఊరుకోవద్దు. కాబట్టి రాసేటప్పుడు దేనికి, ఎప్పటిదాకా అన్నదానితోపాటు ఏమీ కట్టకూడదన్న మాటా ఉండాలి. కాగితం మరీ లాంఛనంగా ఉంటుందనుకుంటే వాట్సాప్‌లో ‘కారు వచ్చే నెలాఖరు దాకా మా స్థలంలో పెట్టుకోండి, తర్వాత మాకు కావాలి’ అని ఒక మెసేజ్ పెట్టండి. ‘సరేనండీ, థాంక్స్’ అని జవాబొస్తే మీ చేతిలో ఒక ఆధారం ఉన్నట్టే.

పక్కింటివాళ్లు వాడుకునేది మన వైఫై అయితే ఇదంతా అక్కర్లేదు. పాస్‌వర్డ్ మార్చేస్తే సరి.

నిజానికి పొరుగువాళ్ల మధ్య చట్టం నడిపేది తక్కువ. రాబర్ట్ ఎలిక్సన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1980ల్లో ఉత్తర కాలిఫోర్నియాలోని షాస్టా కౌంటీకి వెళ్లి, పశువులు పక్కవాళ్ల నేలలో పడితే జనం ఏం చేస్తారో చూశారు. చట్టం ఏమంటోందో చాలామందికి సరిగా తెలియదు, ఆ అవసరమూ పడలేదు. ఈసారి నాకు నష్టం, మరోసారి నీకు అని మనసులోనే పద్దు రాసుకుని సర్దుకునేవారు. పద్దు మరీ ఒకవైపే పెరిగితే ముందు మాట, తర్వాత ఊళ్లో గుసగుసలు, కోర్టు ఎక్కడో చివర. నాకనిపించేదేమిటంటే, ఆ పద్దు ఇద్దరికీ కనిపిస్తేనే ఈ పద్ధతి నడుస్తుంది. నోరు మూసుకుని భరించేవాడు తన పద్దులో రోజూ రాసుకుంటాడు, అవతలివాడి పద్దులో అక్కడ ఏమీ ఉండదు. మూడేళ్ల తర్వాత ఇతను గొంతు పెంచితే అతను నిజంగానే తెల్లబోతాడు. అనుమతి మెసేజ్ చేసే పెద్ద పని నా దృష్టిలో ఇదే: మీరు సాయం చేస్తున్నారన్న సంగతి అవతలివారికి తెలుస్తుంది.

తెలియకుండా పెరిగిన కోపంతో చేసే పనులు ఎదురుతన్నుతాయి. సామాను రాత్రికి రాత్రి బయట పారేయడం, టైర్లలో గాలి తీయడం, పైపు కోసేయడం. ఎవరినైనా చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయిస్తే, భారత్‌లో 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద వాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడగవచ్చు. స్థలం మీదేనన్న వాదన అక్కడ అడ్డురాదు.

మరి మెసేజ్ చూసి ‘మీ అనుమతి ఎవరిక్కావాలి, ఇది మాదే’ అంటే? అప్పుడిక ఈ ఉపాయం పనిచేయదు. ఆ మాట అన్న తేదీ రాసిపెట్టుకోండి. హద్దులు కొలిపించండి. పొరపాటు మనవైపే ఉండొచ్చు, అది ముందు తేలాలి. ఆ తర్వాత దస్తావేజులు, ఫొటోలు పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లండి. నోటీసు పంపామని ధీమాగా మాత్రం ఉండకండి: నోటీసుతో 12 ఏళ్ల గడువు ఆగదు, దావా వేస్తేనే ఆగుతుంది.