గుడ్డ తర్వాత, ముందు ఫ్రేము సంగతి చూడండి

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పాత ఓపెన్ టాప్ కారు బాగుచేయించాలనుకున్న వాళ్ళు మొట్టమొదట వెళ్ళేది సీటు కవర్లు కుట్టే షాపుకి. మడిచే పైకప్పుకు, అంటే టాపుకు, రెక్సిన్ రంగు ఎంచుకుంటారు, మీటరు ధర బేరమాడతారు, అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆ గుడ్డను మోయాల్సిన మడత ఫ్రేముకు మాత్రం ఎమరీ పేపరుతో నాలుగు రుద్దులు, పైన ఒక డబ్బా నల్ల స్ప్రే. ఇది చాలా తప్పు సామీ. కొత్త టాపు రెండో వానాకాలానికే మూలల్లో చిరిగినా, ఇద్దరు వేలాడితే తప్ప లాక్ పడకపోయినా తిట్లు పడేది కుట్టినాయనకి. ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఫ్రేము వంకరగా ఉంటే ఆ వంకరకే కదా కుట్టాలి.

ఈ ఫ్రేములో ఏముంటుందో ఒకసారి చూడండి. రెండు పక్కలా ఇనుప చేతులు, అవి బాడీకి తగిలే చోట పెద్ద పివట్, అంటే అవి తిరిగే ఇరుసు, చేతుల మధ్య అడ్డంగా విల్లులా వంగిన కమ్మీలు. ఈ కమ్మీని ‘బో’ అంటారు. ముందు, గాలి అద్దం మీద కూర్చునే పట్టె. ఇవన్నీ మడతపడేది రివెట్ల మీద. పక్కపక్కనే ఉన్న రెండు రివెట్ల మధ్య దూరం 70 మి.మీ. అనుకోండి. అక్కడ ఒక రంధ్రం అరిగి 1 మి.మీ. వదులైతే, మీటరు దూరంలో ఉన్న ముందు పట్టె దగ్గర అది 14 మి.మీ. అవుతుంది. అలాంటి కీళ్ళు పక్కకు మూడో నాలుగో ఉంటాయి. ఆ వదులంతా గుడ్డ లాగి పట్టుకోవాలంటే ఎన్నాళ్ళు పట్టుకుంటుంది?

విప్పే ముందు చేయాల్సిన పనే అందరూ వదిలేసేది. బండి జాకీల మీద కాదు, గాలి సరిగా ఉన్న నాలుగు చక్రాల మీద, సమమైన నేల మీద నిలబడాలి. పైకప్పు లేని బాడీ మధ్యలో కుంగుతుంది. కుంగితే తలుపు పైన సందు తగ్గి కింద పెరుగుతుంది, దాంతో పివట్ చోటూ మారిపోతుంది. హెరాల్డ్ లాంటి కార్లకు ఛాసీ, అంటే కింది చట్రం, వేరు కాబట్టి బాడీ బోల్టుల కింద ప్యాకింగ్ రేకులు వేసి తలుపు సందు సరిచేయొచ్చు. మోరిస్ మైనర్‌కు వేరే ఛాసీ లేదు. తలుపు కింది గడప పెట్టె తుప్పు పట్టి ఉంటే ముందు దాన్ని కట్టాలి. తలుపులు సరిగ్గా పడేదాకా టాపు ఫ్రేము జోలికి పోవద్దు.

తర్వాత కొలతలు. టాపు లేపి లాక్ వేసి ఒక్కో బో మధ్య నుంచి ముందు పట్టె మధ్యకు, ఒక్కో బో నుంచి తలుపు అంచుకు రెండు పక్కలా, ఆపైన మూలకు మూల. రెండు మూల కొలతల తేడా 5 మి.మీ. దాటితే ఫ్రేము మెలి తిరిగినట్టే. పాత గుడ్డ చిరిగిపోయినా సరే, కొలిచేదాకా తీయొద్దు, బోల మధ్య దూరం గుర్తుపెట్టుకున్నది అదొక్కటే. గుర్తులు పెయింటుతో పెడితే తుప్పు తీసేటప్పుడు పోతాయి. సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టండి: ఎడమకు ఒకటి, కుడికి రెండు. ఒక పక్క విప్పి పని పూర్తయ్యాకే రెండో పక్క విప్పాలి. రెండూ ఒకేసారి విప్పి గోనెసంచిలో పోస్తే ఏ వాషర్ ఎక్కడిదో దేవుడికే తెలియాలి.

ఇంకో ఘోరం సుత్తి పనిలో జరుగుతుంది. కొన్ని చేతులకు కంపెనీ వాళ్ళే చిన్న వంపు పెట్టి ఉంటారు, మడిచినప్పుడు ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోవడానికి. దాన్ని దెబ్బ తిన్న వంకర అనుకుని దాగలి మీద పెట్టి తిన్నగా కొట్టేస్తారు. విప్పిన చేతిని, ఇంకా బండికే ఉన్న రెండో పక్క చేతితో పోల్చి చూడండి. వంపు రెండింటికీ ఒకేలా ఉంటే అది పుట్టుకతో వచ్చింది. ఒకదానికే ఉంటే వైసులో చెక్క ముక్కల మధ్య బిగించి, వేడి చేయకుండా, కొంచెం కొంచెంగా సరిచేయాలి.

ఇక అసలు పని, రంధ్రాలది. కోడిగుడ్డులా సాగిన రంధ్రంలో లావు బోల్టు దూర్చి బిగించడం మన దగ్గర మామూలైపోయింది. మర ఉన్న భాగం రంధ్రం అంచు మీద ఆడితే ఆకురాయిలా కోస్తూనే ఉంటుంది. ఏడాదిలో రంధ్రం ఇంకా సాగుతుంది. సరైన పని ఇది. రివెట్ తలను గ్రైండర్‌తో కాకుండా డ్రిల్లుతో తీయాలి, గ్రైండర్ పక్క రేకును కూడా తినేస్తుంది. రంధ్రాన్ని గుండ్రంగా వచ్చేదాకా రీమర్‌తో పెంచి, గన్ మెటల్ బుష్, అంటే కంచు లాంటి లోహపు చిన్న గొట్టం, బిగువుగా దించాలి. పిన్ను లేత్ మీద తీయించాలి, మెట్టు ఉన్న పిన్ను. రేకులూ వాషర్లూ కలిపి ఎంత మందమో, మెట్టు పొడవు దానికంటే 0.1 నుంచి 0.2 మి.మీ. ఎక్కువ ఉండాలి. అప్పుడు నట్టు ఎంత బిగించినా కీలు ఆడుతుంది, వదులూ ఉండదు. నట్టు నైలాక్, అంటే లోపల నైలాన్ రింగు ఉన్నది, వేయండి. రివెటే కావాలంటే కొట్టే ముందు రేకుల మధ్య షిమ్, అంటే సన్నని రేకు ముక్క, పెట్టి, కొట్టాక లాగేయండి, ఆ సందే కీలుకు ఊపిరి. పాత ఇత్తడి వాషర్లు పారేయొద్దు. ఇంట్లో బిందె తోమినట్టు చింతపండుతో తోమితే చాలు.

విరిగిన చేతికి ఆర్క్ వెల్డింగ్ పెట్టే ముందు అది రేకా, పోతపోసిందా చూసుకోండి. పోత ఇనుమైతే వెల్డింగ్ పక్కన గాజులా పెళుసెక్కి, మొదటి పెద్ద గుంతకే మళ్ళీ విరుగుతుంది. దానికి గ్యాస్‌తో ఇత్తడి అతుకే దారి. జీపు ఫ్రేము తెచ్చి, అది పట్టడానికి బాడీ కోసే వాళ్ళకు ఒక మాట: 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే 50 ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసీ, బాడీ షెల్, ఇంజిన్ మార్చి ఉండకూడదు. కోసిన బాడీ మళ్ళీ రాదు.

తుప్పుకు ఇసుక బ్లాస్టింగ్ వద్దు. పలచని యు ఛానల్ మెలి తిరుగుతుంది, ఇసుక కీళ్ళలో దూరి ఆకురాయి పని చేస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో 20 లీటర్ల నీళ్ళకు 100 గ్రాముల వాషింగ్ సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్. నెగటివ్ మీ ముక్కకు, పాజిటివ్ పనికిరాని మామూలు ఇనుప రేకుకు. స్టెయిన్‌లెస్ రేకు వేయొద్దు, విషం పుడుతుంది. గాలి ఆడే చోట పెట్టండి, హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ కూడా వెలిగించొద్దు. అల్యూమినియం ముక్కలూ స్ప్రింగులూ అందులో వేయకండి.

రంగు పలచగా రెండు పూతలు చాలు. పౌడర్ కోటింగ్ అందంగా ఉంటుంది, కానీ ఒక్కో ముఖం మీద 60 నుంచి 100 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మి.మీ.) ఎక్కుతుంది. మూడు రేకుల కీలులో తాకే ముఖాలు నాలుగు, అంటే 0.4 మి.మీ. దాకా పోయినట్టే. అంత కష్టపడి లేత్ మీద తీయించిన లెక్కంతా ఆవిరి. కీలు ముఖాలకు టేపు వేయండి.

చెక్క బోలు పుచ్చిపోతే ప్లైవుడ్ కోసి పెట్టకండి, పొరల అంచుల్లో మేకు నిలవదు. ఇంగ్లీషు బండ్లలో ఎక్కువగా ఆష్ చెక్క, దాన్ని అంగుళం మందానికి గంట చొప్పున ఆవిరి పట్టి వంచేవాళ్ళు. మన టేకు అంత సులువుగా వంగదు. 3 మి.మీ. బద్దలుగా చీల్చి అచ్చు మీద వాటర్‌ప్రూఫ్ జిగురుతో పొరలు పొరలుగా అతికించాలి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురుకు ముందు థిన్నర్‌తో తుడవాల్సిందే.

అన్నీ బిగించాక గుడ్డ లేకుండా పదిసార్లు లేపి మడవండి. ఇద్దరు చెరో పక్క పట్టుకోవాలి, ఒక్కరే ఒక మూల లాగితే మళ్ళీ మెలి. వేళ్ళు కీళ్ళ దగ్గర పెట్టొద్దు, కత్తెరలా కోస్తాయి. రెండు వేళ్ళతో లాక్ పడిందా, సరే. లేకపోతే మళ్ళీ కొలతలకే వెళ్ళండి. బోల మధ్య దూరాన్ని పట్టి ఉంచేది 2 అంగుళాల నవారు. నూలు నవారైతే ఒకసారి తడిపి ఆరబెట్టాకే కొట్టండి, ముందే ముడుచుకోవాలి.

అప్పుడు పిలవండి కుట్టేవాణ్ణి. రెక్సిన్‌ను తిరుపతి మే నెల మిట్టమధ్యాహ్నం లాగి బిగిస్తే అది మెత్తగా సాగుతుంది, డిసెంబరు తెల్లవారుజామున బిగుసుకుని ముందు పట్టెను వెనక్కు గుంజుతుంది. నీడలో, ఉదయం పూట బిగించండి. కాన్వాస్‌కు ఇంకో రకం తంటా, తడిస్తే ముడుచుకుంటుంది. దాన్ని కొంచెం వదులుగానే వదలండి, అక్టోబరు వానలు మిగతా బిగువు చూసుకుంటాయి. వానలో తడిసొచ్చిన రోజు మాత్రం టాపు మడవకండి. లేపి లాక్ వేసే ఉంచి, పూర్తిగా ఆరాక ఒక్కో కీలుకు ఒక్క చుక్క కుట్టు మిషను నూనె వేసి తుడిచేయండి. గ్రీజు వద్దు, దుమ్ము పట్టి కొత్త గుడ్డకు నల్లగా అంటుకుంటుంది.