రోబో ఉందా అని కాదు, చేసేదెవరని అడగండి

ఇప్పుడే మా వదిన ఫోన్ చేసింది. వాళ్ళ అన్నయ్యకి రెక్టల్ క్యాన్సర్, అంటే పెద్దపేగు చివర మలం నిలిచే పురీషనాళంలో క్యాన్సర్. ఆస్పత్రిలో కౌన్సెలింగ్ చేసే ఆమె చెప్పిందట, "ఓపెన్ ఆపరేషన్ పాతకాలం పద్ధతి, రోబోతో చేయిస్తే క్యాన్సర్ మళ్ళీ రాదు" అని. రాదని ఎలా చెప్తారండీ? ఒళ్ళు మండిపోతోంది.

రోబో అంటే సర్జనే నడిపే యంత్రపు చేతులతో చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్. పొట్ట మీద కోత చిన్నదా పెద్దదా అన్నది క్యాన్సర్‌కి పట్టదు. పురీషనాళం చుట్టూ ఉండే కొవ్వు పొరని లింఫు గ్రంథులతో సహా చిరగకుండా తీశారా, అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా, అదీ లెక్క. బిల్ హీల్డ్ అనే బ్రిటిష్ సర్జన్ 1982లోనే ఈ సంగతి రాశాడు. ఆయన చేసినవన్నీ పొట్ట కోసి చేసినవే! ఓపెన్‌నీ, ల్యాప్రోస్కోపీనీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) పోల్చిన కలర్-2 అనే ట్రయల్‌లో మూడేళ్ళకి అక్కడే మళ్ళీ వచ్చినవాళ్ళు ఓపెన్‌లో 5 శాతం, ల్యాప్రోస్కోపీలోనూ 5 శాతమే. రోబోకి మొగ్గిన చైనా ట్రయల్ ఉంది, కాదనను. అందులో మూడేళ్ళకి అక్కడే మళ్ళీ వచ్చినవాళ్ళు రోబోలో 1.6 శాతం, ల్యాప్రోస్కోపీలో 4. కానీ అక్కడ చేసినవాళ్ళు చెయ్యి తిరిగిన సర్జన్లు. నార్వేలోనైతే మలద్వారం వైపు నుంచి చేసే కొత్త పద్ధతిలో క్యాన్సర్ తిరగబెట్టడం చూసి ఆపేశారు. కొత్తదల్లా మేలైనది కాదు.

అసలు నా కోపం ఆ కౌన్సెలింగ్ ఆమె ఒక్కదాని మీదే కాదు. మా నాన్నకీ ఇదే ఆపరేషన్ అయితే, "సంచి లేకుండా చేశాం" అని గొప్పగా చెప్పారు. సంచి అంటే పొట్ట మీద పెట్టిన రంధ్రం (స్టోమా) లోంచి వచ్చే మలం పట్టేది. మేమూ దండాలు పెట్టాం. తర్వాత మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి వస్తుందని, ఆపుకోవడం కష్టమని ముందు ఒక్కరూ చెప్పలేదు. ఈ ఇబ్బందులకి లార్స్ (LARS) అని పేరు కూడా ఉంది. నాన్న బస్సెక్కడం మానేశారు. కణితి బాగా కింద ఉన్నప్పుడు శాశ్వత స్టోమాయే కొందరికి నయం, ఆ మాట ఆయన్ని అడిగిందెవరు? సంచి అనగానే మొహం చిట్లించే చుట్టాలకి చెప్తున్నా, దాంతో ఉద్యోగాలు చేస్తున్నారు, ఈత కొడుతున్నారు.

ఇంకోటి. కీమో, రేడియేషన్‌తోనే కణితి పూర్తిగా పోతే కోయకుండా కనిపెట్టుకుని ఉండొచ్చని బ్రెజిల్ డాక్టర్ ఆంజెలితా హబ్ర్-గామా 2004లోనే చూపించింది. ఈ దారినే పరీక్షించిన ఓప్రా అనే ట్రయల్‌లో దాదాపు సగం మంది మూడేళ్ళకీ పురీషనాళం పోగొట్టుకోలేదు. అందరికీ కుదరదు సరే, అలాంటి దారి ఒకటుందని వదినకి చెప్పాలి కదా!

ఇంతకీ ఈ కౌన్సెలింగ్ జరిగినప్పుడు అన్నయ్య ఆ గదిలోనే లేడట. "కంగారు పడతాడని" బయట కూర్చోబెట్టారట. వదినకి గట్టిగా చెప్పాను. ముందు ఆయన్ని లోపలికి తీసుకెళ్ళు, ఏడాదికి ఎన్ని రెక్టల్ ఆపరేషన్లు చేస్తారు, అంచులు ఎంతమందికి శుభ్రంగా వస్తున్నాయి అని సర్జన్‌నే అడుగు, విసుక్కుంటే ఇంకో డాక్టర్‌కి చూపించు అని.