పుక్కిలించడం రాదట నాకు

పొద్దున పుచ్చు పంటికి రూట్ కెనాల్ (లోపలి పాడైన నరం తీసి శుభ్రం చేయడం) మొదటి సిట్టింగ్ అయింది. ఎడమ దవడంతా మొద్దు. మజ్జిగ తాగితే సగం లోపలికి, సగం నైటీ మీదకి. ఆ అవతారంలో ఫోన్ తీస్తే ఫ్యామిలీ గ్రూపులో మా వదినగారి (మా ఆయన అక్కగారు) మెసేజ్: "హెర్బల్ మౌత్‌వాష్ ఇచ్చాను కదమ్మా, సరిగ్గా పుక్కిలించి ఉండవు."

నలభై రెండేళ్లొచ్చాయి. పుక్కిలించడం రాదట నాకు!

నాలుగు నెలల కిందట కింది దవడ పన్ను మీద ఆవగింజంత నల్ల చుక్క. అప్పుడే వెళ్లుంటే ఒక్కపూటలో సిమెంట్ పెట్టి పంపేసేవారు. వెళ్లనిస్తేగా! "డాక్టరు దగ్గరికెళ్తే ఉన్నదంతా తోడేస్తాడు, ఇది వాడు, క్రిములన్నీ చస్తాయి" అని ఆకుపచ్చ సీసా చేతిలో పెట్టారు. ముందు వైపు వేపాకులు, లవంగాలు, త్రిఫల, చూస్తే పూజకి పనికొచ్చేలా ఉంది. వెనక్కి తిప్పి అక్షరాలు జూమ్ చేసి చదివితే సార్బిటాల్, మెంథాల్, ఆకుపచ్చ రంగు. వేపాకుకి మళ్లీ ఆకుపచ్చ రంగేంటండీ?

వేప మీద నాకేం పగ లేదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కషాయంతో పుక్కిలిస్తే నోట్లో క్రిములు తగ్గుతాయి, కాదనను. డాక్టర్లు రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మాత్రం గొప్పా? నెల వాడితే పళ్లు గోధుమ రంగు, సాంబారులో ఉప్పుందో లేదో తెలియదు. కానీ క్రిములు తగ్గడం వేరు, పన్ను బాగుపడడం వేరు. పాచిలో కాపురం పెట్టిన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే క్రిమి మనం తిన్న పంచదారే తిని ఆమ్లం వదులుతుంది. నోట్లో పీహెచ్ (ఆమ్లం కొలత, ఎంత తగ్గితే అంత ఆమ్లం) 5.5 కిందకి దిగిందా, ఎనామిల్ (పంటి గట్టి పైపొర) కరగడం మొదలు. అలా కరిగి గుంత పడ్డాక అందులో ఇరుక్కున్న మెతుకుని మీ వేప నీళ్లు కదిలిస్తాయా? రోడ్డు మీద గుంతలో ఫినాయిల్ పోస్తే గుంత పూడుతుందా?

"మన పెద్దవాళ్లు ఇవే వాడేవాళ్లు" అంటారు మళ్లీ. మా తాతయ్య కానుగ పుల్ల నమిలి, కొస కుంచెలా చేసి, నూతి గట్టు మీద కూర్చుని అరగంట రుద్దేవాడు. రుద్దేవాడండీ! పది మిల్లీలీటర్లు మూతలో పోసుకుని బుగ్గలు ఉబ్బించి ఉమ్మేయలేదు. ఆయన మిఠాయి తిన్నది పండక్కే. వదినగారో, వచ్చినప్పుడల్లా తాపేశ్వరం కాజాల డబ్బా, తినకపోతే అలక. కాజా ఆవిడే పెడతారు, క్రిములకి మందూ ఆవిడే ఇస్తారు.

అసలు నా మంట ఈ పన్ను గురించి కాదు. మా అమ్మాయికి రెండేళ్లప్పుడు నేను డ్యూటీకెళ్తే వదినగారే చూసుకునేవారు, ఆ రుణం ఉంది, ఒప్పుకుంటాను. కానీ రోజూ పడుకోబెట్టేటప్పుడు పాలసీసాలో రెండు చెంచాల పంచదార. వద్దు వదినగారూ అంటే "పిల్ల ఏడుస్తోందమ్మా". సీసా నోట్లోనే పెట్టుకుని నిద్ర. మూడేళ్లు నిండేసరికి పై వరస ముందు పళ్లు నాలుగూ నల్లగా అరిగి మొదళ్లు మిగిలాయి. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడేవే" అన్నారు. ఎల్కేజీ గ్రూపు ఫోటోలో పిల్లలందరూ ఇకిలిస్తుంటే నా కూతురొక్కతే పెదాలు బిగించి నిలబడింది. ఆ ఫోటో ఇప్పటికీ బీరువాలోనే, గోడకి పెట్టలేదు. ఆ ఫోటో చూసి ఆవిడ అన్న మాటేంటో తెలుసా? "మీ పుట్టింటివాళ్ల పళ్లే అంత." అక్కడ మా తాతయ్య ఎనభై దాటాక కూడా చెరకు గడ పళ్లతో చీల్చి తిన్నాడు!

ఇవాళ డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. పన్ను మధ్య నుంచి నరం దాకా నల్లటి సొరంగం. "ఇన్నాళ్లు ఏం చేశారండీ?" అంది. నోట్లో దూది, చెప్పలేను. చెప్పగలిగినా ఏం చెప్తాను, రోజుకి రెండుసార్లు పుక్కిలించానని? ఇంకా రెండు సిట్టింగులు, ఆపైన క్యాపు.

ఇది టైప్ చేస్తుండగానే గ్రూపులో ఇంకోటి వచ్చింది. నువ్వులనూనె పుక్కిట పడితే పుచ్చు పన్ను పూడిపోతుందని వీడియో. మా ఆయన దానికి దండం బొమ్మ పెట్టారు. రానివ్వండి ఇంటికి.