ప్రశాంతమూర్తి హార్డ్ డిస్క్ గారికి

మహారాజశ్రీ హార్డ్ డిస్క్ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది. రాత్రి రెండున్నరైంది. తమరు క్షేమంగా తిరుగుతున్నట్టు పడకగది దాకా వినబడుతోంది. మాకే క్షేమం లేదు.

మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. టీవీ కార్యక్రమాలు దాచే రికార్డర్ మూత విప్పి, పాతాయన్ని దించి, తమరిని ఎక్కించి, స్టాండ్ కిందకి దొర్లిపోయిన ఒక్క స్క్రూ కోసం టార్చి పట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నాను. ఇంతా ఎందుకు? పాతాయన గోల భరించలేక. వారం రోజులు స్పెసిఫికేషన్లు చదివి మరీ తమరిని ఎంచుకున్నాను. తమరి కాగితంలో శబ్దం 2.4 అని ఉంది. ఆహా, రెండున్నర కూడా లేదనుకున్నాను. పక్కన చిన్నక్షరాల్లో 'బెల్స్'. అంటే 24 డెసిబెల్స్! పోనీ, అదీ తక్కువే. కానీ కొలిచిందెక్కడ? శబ్దాన్ని గోడలే మింగేసే గదిలో, తమరొక్కరే ఉన్నప్పుడు. అలా కూర్చోబెడితే ఎవరైనా బుద్ధిమంతులే.

మా ఇంట్లో తమరి నివాసం చెక్క స్టాండ్. తమరు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతారు, అంటే సెకనుకు 120. ఆ వణుకు నాలుగు స్క్రూల మీదుగా రికార్డర్ రేకులోకి, రేకులోంచి చెక్కలోకి దిగుతుంది. వీణకి బుర్ర ఎలాగో తమరికి మా స్టాండ్ అలాగ. 'మ్‌మ్‌మ్' అని ఒకటే శ్రుతి. సీరియల్లో ఆమె మాటా పలుకూ లేకుండా కన్నీళ్లు కార్చే సీనుకి కూడా నేపథ్య సంగీతం తమరిదే. స్టాండ్ మీద అరచెయ్యి ఆనిస్తే శ్రుతి కాస్త తగ్గుతుంది. అలా ఎంతసేపని కూర్చోను?

అసలు 7200 ఎవడడిగాడు నిన్ను? హెచ్‌డీ ఛానల్ రికార్డు చేయడానికి సెకనుకు 3 మెగాబైట్లు చాలు. నీకు 100 పైనే చేతనవును. పిల్లకాలువకి వరద గేటు! 5400 వాడు బోలెడు సరిపోయేవాడు. 'స్పీడ్ ఎక్కువైతే మంచిదేగా' అని షాపులో అన్నారు, నేను తలూపాను. సరే, అందులో నా తప్పూ ఉంది. అయినా కోపం నీ మీదే.

పోనీ టీవీ కట్టేస్తే ఊరుకుంటావా? ఊరుకోవు. చూసేవాడెవడో పాజ్ నొక్కుతాడేమోనని, రాత్రంతా ఆ ఛానల్‌ని రాస్తూ చెరిపేస్తూ ఉంటుంది రికార్డర్. ఇది దాని బుద్ధి, నీది కాదు. కానీ మోగేది నువ్వేగా. మధ్యమధ్యలో నీ లోపల రాసే చెయ్యి అటూ ఇటూ విసురుతూ ఆ టిక్కుటిక్కు ఒకటి. నీ పూర్వీకుల్లో ఆ చేతిని నెమ్మదిగా కదిలించే సెట్టింగ్ ఉండేది. 128 పెడితే మెల్లగా, 254 పెడితే చురుగ్గా. బిగించేముందు నిన్ను కంప్యూటర్‌కి తగిలించి అడిగితే అలాంటిదేమీ లేదన్నావు.

'ఎస్‌ఎస్‌డీ కొనాల్సింది' అన్నారు మావారు, అటు తిరిగి పడుకుంటూ. అందులో తిరిగేదేమీ ఉండదు, చప్పుడూ ఉండదు. పొద్దున అనొచ్చుగా ఆ మాట!

ఇక్కడ ఉత్తరం ఆపి లేచాను.

రికార్డర్ కట్టేసి మూత తీశాను. గుడ్డలో చుట్టేద్దామనిపించింది కానీ వేడికి చస్తావని మానేశాను. మా అబ్బాయి పెన్సిల్ బాక్సులో రెండు రబ్బర్లు దొరికాయి. బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి, స్క్రూలు తీసేసి, నాలుగు మూలలా రబ్బరు పెట్టి నిన్ను వాటిమీద కూర్చోబెట్టాను. కింద గాలి ఆడేంత సందు ఉంది. స్విచ్ వేశాను.

నిశ్శబ్దం.

ఎంత నిశ్శబ్దమంటే నాకు భయమేసింది. చచ్చిపోయావేమో, రేపు సాయంత్రం రికార్డింగ్ ఉంది. మూత ఇంకా పెట్టలేదు గనక వేలు ఆనించి చూశాను. సన్నగా వణుకుతున్నారు తమరు. వెచ్చగా కూడా ఉన్నారు.

ఆ టిక్కుటిక్కు సంగతి పొద్దున చూసుకుందాం. పొద్దున మావాడు రబ్బరేదని అడిగితే మాత్రం తమరి పేరే చెబుతాను.

ఇట్లు,
నాలుగు స్క్రూలు చేతిలో పట్టుకున్న తమరి యజమానురాలు